రెండు బ్యాటరీలు మార్చినా మొండికేసిన బండి: ఒక మారతహళ్ళి కేసు

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చినవాళ్ళ ఫోన్లు కనుమ వెళ్ళిన మూడో రోజు నుంచి మా బైక్ రిపేరు షాపుకు మొదలవుతాయి. బెంగళూరులో మారతహళ్ళి, మున్నేకొళాల, కుందలహళ్ళి గేటు చుట్టుపక్కల అద్దెకుండే మన తెలుగు పిల్లలు పండక్కి వారం పది రోజులు వెళ్ళిపోతారు. బండ్లు మాత్రం ఇక్కడే దుమ్ముకొట్టుకుని నిలబడి ఉంటాయి. తిరిగొచ్చి సెల్ఫ్ నొక్కితే టక టక టక. చాలావాటికి ఒక రాత్రి చార్జింగ్ పెట్టి ఇచ్చేస్తే చాలు, రాసేంత సంగతేమీ ఉండదు. ఈ కేసు మాత్రం నన్ను ఒకసారి బాగా బోల్తా కొట్టించింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

బండి 160 సిసి, నాలుగేళ్ళది. ఫ్యూయల్ ఇంజెక్షన్, కిక్కు లేదు. 12 వోల్టుల 8 యాంప్-అవర్ సీల్డ్ బ్యాటరీ, అంటే ఒక యాంపు చొప్పున వాడితే లెక్కకు ఎనిమిది గంటలు వస్తుంది. ఓనరు నరసరావుపేట అబ్బాయి, బెళ్ళందూరు వైపు ఆఫీసు. వారానికి మూడు రోజులు ఆఫీసుకు పోతాడు, మిగతా రోజులు రూములోంచే పని. పండక్కి 11 రోజులు ఊళ్ళో ఉండి వచ్చాడు. పది నెలల్లో బండి ఇలా పడుకోవడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ వేరే చోట చూపిస్తే రెండుసార్లూ కొత్త బ్యాటరీ వేసి పంపారట. ఇప్పుడున్న బ్యాటరీ వయసు పది వారాలు.

"అన్నా, బండి స్టార్ట్ కావట్లే... హలో? అన్నా?" అని కట్టయింది. మళ్ళీ చేశాడు. "ర్యాంపు మీదికొచ్చి మాట్లాడుతున్నా అన్నా. వాచ్‌మన్, నేను కలిసి మూడుసార్లు తోశాం. ఇంజన్ ఉలకట్లేదు, పలకట్లేదు."

"ఇంక తోయొద్దు తమ్ముడూ, వస్తున్నా" అన్నాను.

తోసి స్టార్ట్ చేయడం గురించి ఇక్కడే ఒక మాట. పాత కార్బురేటర్ బండ్లకు సెకండ్ గేరులో తోసి క్లచ్ వదిలితే చాలావాటికి పనయ్యేది. పెట్రోలు తనంతట తాను కిందికి దిగుతుంది, ఇంజన్ తిరిగితే స్పార్క్ పుడుతుంది. ఇంజెక్షన్ బండికి ఆ లెక్క వేరు. ట్యాంకులో ఉన్న పంపు తిరగాలి, ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటర్, మేలుకోవాలి, ఇంజెక్టర్ తెరుచుకోవాలి. మూడింటికీ కరెంటు కావాలి. తాళం తిప్పగానే సీటు ముందు నుంచి రెండు సెకన్లు "జుయ్" మని సన్నగా వినిపిస్తుంది చూడండి, అదే ఫ్యూయల్ పంపు. ఆ చప్పుడు వినపడితే తోయండి, అవకాశం ఉంది. వినపడకపోతే ర్యాంపు కాదు, తిరుమల ఘాట్ రోడ్డు మీద నుంచి వదిలినా చొక్కా తడవడం తప్ప ఏమీ జరగదు.

నేను వెళ్ళి తాళం తిప్పాను. జుయ్ లేదు. మీటరు మసకగా వెలిగింది, గడియారం 12:00 దగ్గర మొదలైంది. అంటే బ్యాటరీ బాగా కిందికి పోయి మీటరు జ్ఞాపకం కూడా చెరిగిపోయింది. సెల్ఫ్ నొక్కితే టక టక టక. ఈ చప్పుడు రిలేది, అంటే సెల్ఫ్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్‌ది. రిలే కాంటాక్టు కలవగానే మోటారు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, ఆ దెబ్బకు వోల్టేజీ పడిపోయి రిలే వదిలేస్తుంది. వదలగానే వోల్టేజీ కాస్త లేస్తుంది, రిలే మళ్ళీ కలుస్తుంది. ఒకే ఒక్క "టక్" వచ్చి ఆగిపోతే వైర్లో, రిలేలో, మోటార్లో తప్పు వెతకాలి. వరసగా కొట్టుకుంటుంటే ముందు బ్యాటరీనీ, దాని టెర్మినళ్ళనూ చూడాలి.

టెర్మినళ్ళు శుభ్రంగానే ఉన్నాయి, బోల్టులు బిగుతుగా ఉన్నాయి. మల్టీమీటరు పెడితే 10.4 వోల్టులు. కొన్ని గంటలు కదపకుండా ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 సగం, 12 పావు, 11.8 దగ్గర ఇంక ఖాళీ. 10.4 అంటే ఖాళీ అయ్యాక కూడా ఎవరో గిన్నె గీకారన్నమాట.

నేను స్కూటర్లో తెచ్చుకున్న బ్యాటరీకి వైర్లు తగిలించాను. ఎర్రది ఎర్రదానికి, నల్లది బ్యాటరీకి కాకుండా ఇంజన్ లోహానికి. ఒక్క నొక్కుకే స్టార్ట్ అయింది. చార్జింగ్ చూశాను. 4000 ఆర్‌పీఎం దగ్గర 14.1 వోల్టులు, బాగుంది. ఐడిలింగులో హెడ్‌లైటు వెలుగుతూ ఉంటే 12.8. ఇది కూడా ఈ సైజు బండికి మామూలే. కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్, దాన్ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ రెండూ నిర్దోషులు. బండి షాపుకు తీసుకొచ్చాం.

బ్యాటరీ విప్పి చార్జర్‌కు పెడితే, చార్జర్ దాన్ని బ్యాటరీగానే ఒప్పుకోలేదు. ఆటో కట్ చార్జర్లతో ఈ గొడవ ఉంది. వోల్టేజీ మరీ తక్కువైతే "ఇక్కడేమీ లేదు" అని ఊరుకుంటాయి. పక్కన మంచి బ్యాటరీ ఒకటి జంటగా కలిపి పది నిమిషాలు ఉంచితే వోల్టేజీ కాస్త లేచి చార్జర్ పట్టుకుంటుంది. ఆ పని చేసి 0.8 యాంపుల మీద రాత్రంతా వదిలాను. 8 యాంప్-అవర్ బ్యాటరీకి అందులో పదో వంతు కరెంటు. తొందరపడి నాలుగు యాంపులు తోసే వాళ్ళున్నారు. బ్యాటరీ వేడెక్కి, సీల్డ్ కాబట్టి లోపలి తడి ఆరిపోయి, పోయిన తడి మళ్ళీ పోసే దారి లేక చస్తుంది.

పొద్దున చార్జర్ తీసి, మధ్యాహ్నం దాకా కదపకుండా ఉంచి చూస్తే 12.5. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.9కి దిగింది. తొమ్మిదిన్నరకు కింద పడితే నేను బ్యాటరీ మార్చమంటాను. ఇది అంచు మీద ఉంది. పది వారాల బ్యాటరీ ఇలా అంచు మీద ఉండడం మంచి లక్షణం కాదు. ఖాళీగా పడున్న రోజుల్లో పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఎంత చార్జ్ చేసినా ఆ భాగం మళ్ళీ పనికి రాదు. మా మదనపల్లె వైపు బ్యాటరీ అంటే సగంమందికి కరకంబాడి అమరరాజా ఫ్యాక్టరీలో పనిచేసే చుట్టం ఎవరో ఒకరు గుర్తొస్తారు. మా బాబాయి కొడుకూ అక్కడే చేశాడు. బ్యాటరీ గురించి వాడు ఎప్పుడూ ఒకటే అడిగేవాడు, "ఎన్నాళ్ళు ఖాళీగా పడుందిరా?" అని.

బ్యాటరీ, చార్జింగ్ రెండూ ఫర్వాలేదంటే ఇంక మిగిలింది దొంగ కరెంటు. తాళం తీసేశాక కూడా ఎవరు తాగుతున్నారు?

దీనికి నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్యలో మల్టీమీటరు పెట్టాలి. ముందు 10 యాంపుల సాకెట్లో పెట్టి, తక్కువే ఉందని తేలాక మిల్లీ యాంపుల సాకెట్‌కు మార్చాలి. మీటరు మధ్యలో ఉండగా తాళం తిప్పకూడదు. ఇంత చెప్పి నేను టీకి వెళ్ళొచ్చేసరికి మా షాపులో పిల్లోడు "పంపు సౌండ్ వస్తుందేమో చూద్దామని" తాళం తిప్పాడు. మీటరు లోపలి ఫ్యూజు పోయింది. ఆ ఫ్యూజు కోసం ఎస్పీ రోడ్డు దాకా పోయి రావడానికి మారతహళ్ళి నుంచి సగం రోజు పట్టింది. కేసుకు దీనితో సంబంధం లేదు. కోపం ఇంకా తగ్గక రాస్తున్నాను.

మర్నాడు చూస్తే 21 మిల్లీ యాంపులు. తాళం తీసిన బండికి ఇది ఎక్కువే. సీటు ఎత్తితే కంపెనీ వైరింగు కానివి రెండు కనిపించాయి. ఒకటి హ్యాండిల్ దగ్గరున్న యూఎస్‌బీ చార్జర్, నీలం అంకెల వోల్ట్ మీటరుతో సహా నేరుగా బ్యాటరీకి కలిపి ఉంది. రెండోది అగ్గిపెట్టెంత జీపీఎస్ ట్రాకర్. అదీ బ్యాటరీకే. రెండేళ్ళ కింద పక్క వీధిలో స్నేహితుడి బండి పోయిందని పెట్టించుకున్నాడట.

యూఎస్‌బీ చార్జర్ ఊడదీశాను. 21 కాస్తా 8 అయింది. లెక్క కట్టాను. 21 మిల్లీ యాంపులంటే రోజుకు అర యాంప్-అవర్. 11 రోజులకు ఐదున్నర. బ్యాటరీ మొత్తం 8, అదీ నిండుగా ఉంటే. ఈ అబ్బాయి ఆఫీసు దారంతా రింగ్ రోడ్డు ట్రాఫిక్కు, ఇంజన్ ఐడిలింగులోనే ఎక్కువసేపు. పైగా 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు హెడ్‌లైటు ఆర్పే స్విచ్చే లేదు. పట్టపగలు కూడా వెలుగుతుంది. అంటే ఈ బ్యాటరీ ఎప్పుడూ నిండదు. లెక్క అచ్చం సరిపోయింది. 8 మిల్లీ యాంపులు మిగిలితే నెల రోజులు ఆగుతుంది. చార్జర్‌ను తాళం లైనుకు, అంటే తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకు మార్చి, 600 రూపాయలు తీసుకుని బండి ఇచ్చేశాను. దొంగ దొరికాడని ఆ రోజు నాకు బాగా నిద్రపట్టింది కూడా.

పది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్. జ్వరమొచ్చి ఆరు రోజులు బండి తీయలేదట. మళ్ళీ టక టక.

నా లెక్క ప్రకారం ఆరు రోజులకు ఒకటింపావు యాంప్-అవర్ కూడా పోకూడదు. బ్యాటరీ బలహీనంగా ఉందనుకున్నా ఇంత కాదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేనూ "బ్యాటరీ మార్చేద్దాం తమ్ముడూ" అనబోయాను. ముందు ఇద్దరు చేసిందీ అదే, నోటి దాకా వచ్చింది. కానీ అప్పటికే రెండు కొన్నవాడికి మూడోది అమ్మాలంటే మొహం చెల్లలేదు. బండిని షాపుకు తేకుండా, మీటరే అతను బండి పెట్టే అపార్ట్‌మెంట్ బేస్‌మెంటుకు తీసుకెళ్ళాను.

ఫోన్ టార్చ్ వెలుగులో నెగటివ్ విప్పి, మంచి బ్యాటరీ ఒకటి తగిలించి, మధ్యలో మీటరు పెట్టాను. 71. కాసేపటికి 63. మళ్ళీ 75. ఒక్కచోట నిలవడం లేదు, ఊపిరి తీస్తున్నట్టు పైకీ కిందికీ. అదే బండి, అవే వైర్లు, యూఎస్‌బీ చార్జర్ ఇప్పుడు లెక్కలో లేదు. షాపులో 8 చూపించింది ఇక్కడ 70 దాకా ఎందుకు చూపిస్తోంది? మీటరే పాడైందేమో, ఇంకోటి తెప్పిద్దామని పిల్లోడికి ఫోన్ చేశాను. పోలేదు. ఫోన్ కేసి చూస్తే సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు.

అప్పుడు వెలిగింది. మొదటి రోజు ఈ అబ్బాయి ఫోన్ ఎందుకు కట్టయింది? మాట్లాడడానికి ర్యాంపు ఎక్కి ఎందుకొచ్చాడు?

ట్రాకర్లో ఒక సిమ్ కార్డు ఉంటుంది, ఒక జీపీఎస్ రిసీవర్ ఉంటుంది. జీపీఎస్‌కు ఆకాశం కనపడాలి, సిమ్‌కు టవరు అందాలి. బయట నిలబెడితే రెండూ దొరుకుతాయి, "బండి ఇక్కడుంది" అని కబురు పంపి అది పడుకుంటుంది. షాపులో కనపడ్డ 8 మిల్లీ యాంపులు అది నిద్రలో ఉన్నప్పటివి. బేస్‌మెంటులో రెండూ దొరకవు. దొరికేదాకా వెతకమని దానికి చెప్పి పెట్టారు కాబట్టి, అడవిలో తప్పిపోయినవాడు కేకలేస్తున్నట్టు రాత్రీ పగలూ వెతుకుతూనే ఉంటుంది. టవరు అందని కొద్దీ సిమ్ ఇంకా గట్టిగా అరుస్తుంది. సగటున 65 వేసుకున్నా రోజుకు ఒకటిన్నర యాంప్-అవర్. డస్సిపోయిన 8 యాంప్-అవర్ బ్యాటరీకి ఐదు రోజులు.

అనుమానం ఒకటి, రుజువు ఒకటి కదా. ట్రాకర్ ప్లగ్ లాగేశాను, 2 మిల్లీ యాంపులు. మళ్ళీ పెట్టాను, 60 పైకి పోయింది. తర్వాత మీటరును టేపుతో ట్యాంకుకు అంటించి, తీగలు ఊడకుండా పట్టుకుని, నేనూ ఆ అబ్బాయీ బండిని అలాగే ర్యాంపు మీదుగా గేటు దాకా తోసుకొచ్చాం. వాచ్‌మన్ మమ్మల్ని చూసిన చూపు నాకింకా గుర్తే. గేటు దగ్గర మొదట 80 దాటింది. మీటరు మీద కళ్ళు పెట్టి నిలబడ్డాం. తొమ్మిది నిమిషాలకు టప్పున 8కి పడిపోయింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

"అంటే అన్నా, బండి పోకుండా పెట్టుకున్నదే బండిని కదలకుండా చేసిందా?"

"కదలని బండిని ఎవడెత్తుకుపోతాడు తమ్ముడూ, ఆ లెక్కన పనిచేసినట్టే."

షాపు మా వీధిలో రోడ్డు పక్కనే. అక్కడ బండి పెట్టి ఎన్నిసార్లు చూసినా నాకు 8 మాత్రమే కనపడేది. ముందు చూసిన వాళ్ళను కూడా ఏమనను, వాళ్ళ షాపులూ రోడ్డు మీదే కదా. వాళ్ళు అసలు మీటరు పెట్టారా లేదా అన్నది వేరే సంగతి.

బాగుచేయడం పెద్ద పనేం కాదు గానీ, బేరసారాలు నడిచాయి. ట్రాకర్‌ను తాళం లైనుకు కలిపేస్తే సుఖం. కానీ నిలబెట్టిన బండినే కదా దొంగ ఎత్తుకెళ్ళేది, అప్పుడది నిద్రపోతుంటే ఉపయోగమేంటి అన్నాడు. నిజమే. ట్రాకర్ కంపెనీ వాళ్ళకు ఫోన్ చేయిస్తే సెట్టింగులో దారి దొరికింది. సిగ్నల్ కోసం ఐదు నిమిషాలు వెతికి, దొరక్కపోతే పడుకుని, బండి కదిలితేనే లేవమని మార్చాం. ఆ మార్పుతో బేస్‌మెంటులో 11 మిల్లీ యాంపులకు వచ్చింది. దానికి తోడు ఊరెళ్ళేటప్పుడు ఆపుకోవడానికి సీటు కింద చిన్న స్విచ్, ఒక యాంపు ఫ్యూజుతో. అంతకుముందు వేసినవాళ్ళు ఫ్యూజు లేకుండా నేరుగా కలిపారు. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలి ఉంటే మనం బ్యాటరీ గురించి కాదు, కాలిపోయిన బండి గురించి మాట్లాడుకునేవాళ్ళం.

బేస్‌మెంటులో ఒక ప్లగ్ పాయింటు ఇస్తే చిన్న చార్జర్ పెట్టుకుంటానని అసోసియేషన్‌ను అడిగాడు. కామన్ మీటరు కరెంటు ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలన్నారు. ఆ మాటా కాదనలేం. అందుకని బ్యాటరీ విప్పడం నేర్పాను. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు తిరగేసి. ముందే పాజిటివ్ విప్పుతూ స్పానరు ఛాసిస్‌కు తగిలితే పెద్ద మెరుపే మెరుస్తుంది. రెండు స్క్రూలు, మూడో అంతస్తు, బాల్కనీలో నెలకోసారి రాత్రంతా చార్జింగ్. తలుపులు మూసిన గదిలో వద్దన్నాను.

ఆ బాల్కనీలోనే అతని మొదటి రీప్లేస్‌మెంట్ బ్యాటరీ పూలకుండీ పక్కన ఎండలో కూర్చుని ఉంది. కొత్తది కొన్నప్పుడు పాతది ఇచ్చేస్తే తగ్గే డబ్బులు కూడా అడగలేదట. షాపుకు తెచ్చి చార్జ్ చేస్తే 12.6 దాకా వచ్చింది. ఆశపడి సెల్ఫ్‌కు పెట్టగానే 7.9. పలకలు సల్ఫేట్ పట్టి బిగుసుకుపోయాయి. "బాగున్నదాన్ని పారేశానా అన్నా?" అని అడిగాడు. మార్చే రోజుకు అది చచ్చినదే. కానీ పుట్టుకతో జబ్బు కాదు, ఆకలితో చచ్చింది. ఇలా పూర్తిగా దిగిపోయి పోయినవాటిని వారంటీలో సాధారణంగా ఒప్పుకోరు కూడా. అందులో సీసం ఉంది, ఆమ్లం ఉంది, చెత్తబుట్టలో వేసేది కాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం కూడా అది రీసైక్లింగ్‌కే చేరాలి. నేనే డీలరుకు ఇచ్చి, వచ్చిన డబ్బులు రెండో రాకకు కూలిగా సరిపెట్టుకున్నాను.

బండిలో ఉన్న పది వారాల బ్యాటరీని మార్చలేదు. మళ్ళీ మెల్లగా చార్జ్ చేస్తే 12.5 నిలిచింది, సెల్ఫ్‌లో 9.8. వచ్చే సంక్రాంతి దాకా ఆగుతుందా అంటే నేను పందెం కాయను. కానీ తాగేవాడు దొరికాక కొత్తది వేయడానికీ, దొరక్క ముందు వేయడానికీ తేడా ఉంది.

ఉగాదికి తొమ్మిది రోజులు ఊరెళ్ళాడు. వెళ్ళేముందు స్విచ్ ఆపాడు. వచ్చాక ఫోటో పంపాడు, మీటరు మీద 12.4, ఒక్క నొక్కుకే స్టార్ట్. ఇంకో వారానికి ఫోన్ వచ్చింది. ఈసారి లైను కట్ కాలేదు.

"అన్నా, ట్రాకర్ పాడైనట్టుంది. నేను ఆఫీసులో ఉన్నా, బండి నా కళ్ళముందే ఉంది. యాప్‌లో మాత్రం ఇంకా మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే చూపిస్తోంది."

"ఊరి నుంచి వచ్చాక సీటు కింద స్విచ్ వేశావా తమ్ముడూ?"

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత సీటు లాక్ తెరిచిన చప్పుడు.